చెట్టును తూచిన వాన్ హెల్మాంట్

పొయ్యిలో కట్టె కాలితే కాస్త బూడిదే మిగలడం మీరు గమనించే ఉంటారు. మిగతా బరువు ఏమైనట్లు? ఈ ప్రశ్నకు జవాబు దాకా వచ్చిన శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్.

ఆయన 1580లో బ్రస్సెల్స్ నగరంలో జన్మించాడు. వైద్యం చదివాడు. ఒక కుండీలో 200 పౌండ్ల (సుమారు 90 కిలోల) ఎండుమట్టి పోసి, 5 పౌండ్ల విల్లో మొక్కను నాటాడు. ఐదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లకు పెరిగింది. మట్టి 2 ఔన్సులే తగ్గింది. చెట్టంతా నీటితోనే తయారైందని ఆయన భావించాడు.

62 పౌండ్ల బొగ్గు కాలిస్తే 1 పౌండు బూడిదే వచ్చింది. తక్కినది కంటికి కనబడని వాయువుగా పోయిందని గ్రహించాడు. 'గ్యాస్' అనే మాటను సృష్టించినది ఆయనే. ఆ వాయువే కార్బన్ డై ఆక్సైడ్ (బొగ్గుపులుసు వాయువు). చెట్టు పెరగడానికీ అదే ఆధారమని మాత్రం ఆయనకు తోచలేదు. చర్చి అధికారులు ఆయనను 1634లో నిర్బంధించారు. 1644లో మరణించాడు. కుమారుడు 1648లో ఆయన రచనలను ముద్రింపజేశాడు.

చెట్టు గాలి నుండి కార్బన్‌ను, వేళ్ళ ద్వారా నీటిని తీసుకొని పెరుగుతుందని 1804లో సోసూర్ కొలతలతో నిరూపించాడు. ఎండిన కలపలో దాదాపు సగం బరువు కార్బనే. చెట్టు కొట్టినా, ఆ కలప గుమ్మంగానో దూలంగానో ఉన్నంతకాలం అందులోని కార్బన్ అక్కడే ఉంటుంది. కాలినా, కుళ్ళినా తిరిగి గాలిలో కలుస్తుంది.

ఆలోచించండి: టేకు గుమ్మం, వంటచెరకు - వీటిలో కార్బన్‌ను ఎక్కువకాలం నిలిపి ఉంచేది ఏది? ఎందుకు?