మంచులో మండిన మంట

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 28:1-10

అపొస్తలుడైన పౌలు ఎక్కిన ఓడ బద్దలై, అతడును తోటివారును తడిసి వణకుచు మెలితే ద్వీపమునకు చేరినప్పుడు, అక్కడి ప్రజలు చేసిన మొదటి ఉపకారము నిప్పు రాజవేయుట. వచ్చినవారెవరో వారెరుగరు. చలి యేమిటో ఎరుగుదురు, అది చాలెను. ఈ మాసము మనము తలంచుకొను కార్ల్ బెన్ ఐల్సన్ జీవితములోను అట్టి మంట యొకటి యున్నది.

ఐల్సన్ 1897లో అమెరికా దేశమందలి నార్త్ డకోటా రాష్ట్రములో, హ్యాటన్ అను చిన్న ఊర, నార్వేనుండి వచ్చి స్థిరపడిన వంశమున జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున సైన్యములో చేరి విమానము నడుప నేర్చెను గాని, రణరంగమునకు పోకమునుపే యుద్ధము ముగిసెను. 1922లో ఉపాధ్యాయుడై అలాస్కాలోని ఫేర్‌బ్యాంక్స్ పట్టణమునకు వెళ్లెను.

అలాస్కా ఉత్తర ధ్రువమునకు చేరువైన ప్రాంతము. శీతకాలమున నదులు గడ్డకట్టును, పగలు త్వరగా ముగియును. ఆ దినములలో దూరపు పల్లెలకు ఉత్తరములు కుక్కలు లాగు మంచుబండ్లమీద పోవలసియుండెను. ఫేర్‌బ్యాంక్స్ నుండి మెక్‌గ్రాత్ అను పల్లెకు చేర రెండు వారములకు పైగా పట్టెడిది. ఆ పని విమానము చేయగలదని ఐల్సన్ తపాలాశాఖవారిని ఒప్పించెను. పది ప్రయాణములకు ఒడంబడిక జరిగెను.

1924 ఫిబ్రవరి 21న అతడు ఒంటరిగా బయలుదేరెను. విమానమునకు పైకప్పు లేదు. దారి అడుగుటకు రేడియో లేదు. సుమారు 280 మైళ్లు మూడు గంటలలోపుననే దాటి మెక్‌గ్రాత్‌లో తపాలా దింపెను. అయితే తిరుగు ప్రయాణమున చీకటి పడెను. దారి తప్పెను. క్రింద అడవియు మంచుయు తప్ప మరేమియు లేవు. అప్పుడు దూరమున వెలుగు కనబడెను. ఫేర్‌బ్యాంక్స్ ప్రజలు అతని కొరకు మైదానమున మంటలు వేసి కాచుకొనియుండిరి. దిగునప్పుడు విమానము దెబ్బతినెను గాని అతడు క్షేమముగా బయటపడెను.

తరువాతి ప్రయాణములలోను ప్రమాదములు కలుగగా, పదియు పూర్తికాక మునుపే తపాలాశాఖవారు ఒడంబడికను ఆపివేసిరి. పని విఫలమైనదని అనేకులు తలంచియుందురు. ఐల్సన్ మాత్రము ఆ ఉత్తరదేశమును విడువలేదు. 1927లో విల్కిన్స్ అను అన్వేషకునితో గడ్డకట్టిన సముద్రముపై దిగవలసివచ్చి, దినములకొలది మంచుపై నడిచి, చలికి ఒక వ్రేలు కోల్పోయెను. 1928 ఏప్రిల్‌లో వారిరువురును అలాస్కా కొననుండి ధ్రువసముద్రము దాటి స్పిట్స్‌బెర్గెన్ చేరిరి.

1929లో సైబీరియా తీరమున నానూక్ అను వర్తకపు ఓడ మంచులో చిక్కుకొనెను. అందలి మనుష్యులను, విలువైన తోళ్లను తెచ్చుటకు ఐల్సన్ కూలికి ఒప్పుకొనెను. ఒకసారి వెళ్లివచ్చెను. నవంబరు 9న తోడి యంత్రకారుడైన బోర్లాండ్‌తో మరల వెళ్లి, తుపానులో కూలి, ఇద్దరును మరణించిరి. ఐల్సన్‌కు 32 ఏండ్లు. రెండు నెలలకు పైగా వెదకిన మీదట విమానము కనబడెను. అమెరికా, కెనడా, రష్యా దేశములవారు ఆ వెదకుటలో కలిసిరి. అప్పటికి అమెరికాకును రష్యాకును రాయబార సంబంధము లేదు. అయినను రష్యావారు మంచు త్రవ్వి మృతదేహములను వెదకిరి.

ప్రియులారా, ఐల్సన్ మిషనరీ కాడు. కూలి తీసికొని పనిచేసినవాడు. అయినను దూరమున నున్నవారిని మరువని పని దేవుని దృష్టికి చిన్నది కాదు. తరువాతి వారు అతడు చూపిన ఆకాశమార్గముననే మారుమూల పల్లెలకు తపాలాయు మందులును కొనిపోయిరి.

మనలో అనేకులము విమానము నడుపము, దూరదేశములకు పోము. మనకు నియమింపబడినది మంట వేయుట. రాత్రి రోగి యింటినుండి తిరిగివచ్చు నర్సు కొరకు, పరఊరు పనికి పోయిన కుమారుని కొరకు, త్రోవ తప్పి సంఘమునకు దూరమైన సహోదరుని కొరకు మన వాకిట వెలుగున్నదా? అతడు చీకటిలో తిరిగి వచ్చునప్పుడు మన తలుపు మూసియుండునా? ఫేర్‌బ్యాంక్స్ ప్రజలు ఆ రాత్రి పండుకొనియుండినయెడల ఐల్సన్ కథ అక్కడనే ముగిసియుండవచ్చును.

ప్రార్థన: ప్రభువా, బయటికి వెళ్లువారిని కాపాడుము. ఇంట నున్న మమ్మును మెలకువగా నుంచుము. ఆమేన్.