ఆలేరు ఎమ్మెల్యే ఆరుట్ల కమలాదేవి

మన తండాల చరిత్ర చెప్పుకునేటప్పుడు మనవాళ్లతో పాటు పేదల పక్షాన నిలిచినవారినీ తలచుకోవాలి. ఆరుట్ల కమలాదేవి అలాంటి తల్లి.

1920లో నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గర మంతపురిలో పుట్టారు. చిన్ననాడే ఆరుట్ల రామచంద్రారెడ్డితో పెళ్లయింది. ఆడపిల్లకు చదువెందుకు అనే రోజుల్లో హైదరాబాదు హాస్టల్లో ఉండి చదివారు. ఆంధ్ర మహాసభలో పనిచేశారు. సాయుధ పోరాటంలో దళంతో అడవుల్లో తిరిగి, జైలుకెళ్లారు. అదే పోరాటంలో జనగామ తాలూకా ధర్మాపురం లంబాడీలు సాగుభూమి కోసం దొరను ఎదిరించారు. జాటోత్ ఠానూ నాయక్ ప్రాణమిచ్చాడు.

1952, 1957, 1962 ఎన్నికల్లో ఆలేరు నుంచి ఆమె వరుసగా గెలిచారు. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కు ఇచ్చింది. అయినా, ఇష్టపడే వదులుకున్నట్టు కాగితాలు రాయించుకుని ఎందరినో బేదఖలు చేశారు. ఈ బేదఖళ్లు ఆపాలని, దున్నేవాడికే భూమి దక్కాలని ప్రభుత్వాన్ని నిలదీసిన ప్రతిపక్షంలో ఆమె ఉన్నారు. తెలంగాణ లంబాడీలకు అప్పటికి ఎస్టీ గుర్తింపు కూడా లేదు. అది 1976 చట్టంతోనే వచ్చింది.

2001 జనవరి 1న ఆమె కన్నుమూశారు.

పిల్లలూ, నల్లగొండ తండాలు ఏజెన్సీలో లేవు. 1/70 చట్టం మనకు వర్తించదు. మనకు రికార్డే రక్షణ. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ భూమి పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో చూడండి. చదివి పెద్దవాళ్లకు వినిపించండి.