పక్కన కూర్చుని ఉస్తాద్ అనిపించుకున్న మనిషి: తబలా షేక్ దావూద్ ఖాన్ సాహెబ్ జీవితం

అత్తాపూర్: పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మన అత్తాపూర్, రాజేంద్రనగర్ వైపు ఫంక్షన్ హాళ్లలో గజల్ ప్రోగ్రామో, ఖవ్వాలీయో ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. బయట ఫ్లెక్సీ మీద పాడేవాళ్ల ఫొటో పెద్దగా వేస్తారు. తబలా వాయించే ఆయన పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. మూడు గంటలు చేతులు నొప్పి పుట్టేలా వాయించి, చివర్లో ఓ ప్లేటు బిర్యానీ తిని, వాయిద్యం గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోతాడు. సంగీతంలో పక్కవాయిద్యం వాళ్ల బతుకు ఎక్కువగా ఇంతే. అయితే ఇదే హైదరాబాద్‌లో జీవితమంతా ఒకరి పక్కన కూర్చుని వాయిస్తూనే ఉస్తాద్ అనిపించుకున్న మనిషి ఒకరున్నారు. ఆయనే మర్హూమ్ షేక్ దావూద్ ఖాన్ సాహెబ్. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. సంగీతం తెలిసిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ పేరు అదబ్‌గా తలుచుకుంటారు. మన పిల్లలకు మాత్రం ఆయన ఎవరో తెలియదు.

షోలాపూర్ నుంచి దక్కన్ రాజధానికి

దావూద్ ఖాన్ సాహెబ్ 1916లో షోలాపూర్‌లో పుట్టారు. ఆ ఊరు మనకు పరాయిది కాదు. బట్టల మిల్లులు, దుప్పట్ల నేత ఉన్న పట్నం కాబట్టి తెలంగాణ జిల్లాల నుంచి వేలాది పద్మశాలీ కుటుంబాలు బతుకుదెరువు కోసం అక్కడికి పోయాయి. నేటికీ షోలాపూర్ బజార్లలో తెలుగు వినిపిస్తుంది. మరాఠీ, కన్నడ, ఉర్దూ, తెలుగు నాలుగూ కలిసిన ఊరు అది. నిజాం రాజ్యం సరిహద్దు కూడా దగ్గరే.

ఆయనకు పదమూడేళ్లున్నప్పుడు, 1930 మే నెలలో, ఆ ఊరు తెల్లవాళ్ల మీద తిరగబడింది. బ్రిటిష్ ప్రభుత్వం షోలాపూర్‌లో మార్షల్ లా పెట్టింది. 1931 జనవరిలో నలుగురిని ఉరి తీశారు. వాళ్లలో కుర్బాన్ హుస్సేన్ ఒకరు. అలాంటి రోజుల్లో, అలాంటి ఊళ్లో పెరిగిన పిల్లవాడు తబలా పట్టుకున్నాడు.

తబలాలో ఢిల్లీ, అజ్రాడా, లక్నో, ఫరూఖాబాద్, బనారస్, పంజాబ్ అని ఆరు ఘరానాలు చెబుతారు. ఒక్కో ఘరానాది ఒక్కో పద్ధతి. వేలు ఎక్కడ పడాలి, ఏ బోల్ ఎలా పలకాలి అన్నది ఒకరిదొకరికి కలవదు. పాతకాలంలో ఒక ఉస్తాద్ దగ్గర చేరిన శాగిర్ద్ వేరే ఇంటి విద్య ముట్టుకోవడమే తప్పుగా చూసేవారు. విద్య అంటే ఇంటి ఆస్తి. కొన్ని బందిష్‌లు సొంత కొడుకులకు తప్ప ఎవరికీ చెప్పేవాళ్లు కాదు. దావూద్ ఖాన్ సాహెబ్ మాత్రం ఒక్క గడప దగ్గర ఆగిపోలేదు. పలువురు ఉస్తాదుల దగ్గర నేర్చుకుని, వేర్వేరు ఘరానాల చీజులు పోగుచేసుకున్నారు. తర్వాత చేసిన ఉద్యోగంలో ఆ పోగే ఆయనకు పెట్టుబడి అయింది.

దేవిడీలు మూతపడ్డాయి, రేడియో నిలబడింది

ఆ రోజుల్లో సంగీతం వాళ్లకు హైదరాబాద్ అంటే అన్నం పెట్టే ఊరు. ఢిల్లీ దర్బార్ పోయాక తన్‌రస్ ఖాన్ లాంటి పెద్ద గాయకుడే ఇక్కడికి వచ్చి నిజాం కొలువులో చేరాడు. నిజాం ఒక్కరే కాదు, పాయిగాలు, జాగీర్దార్లు, నవాబులు తమ దేవిడీల్లో మెహఫిళ్లు పెట్టించేవాళ్లు. గాయకుడికి, సారంగీ ఆయనకు, తబలా ఆయనకు నెలకింత అని ముట్టేది. పండక్కి బట్టలు, పెళ్లికి సాయం వేరే.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ చర్య జరిగింది. 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది. జాగీరు ఆదాయం ఆగిపోతే దేవిడీలో మెహఫిల్ ఎక్కడిది? కామర్స్ చదివినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. పోషించే చేతులు ఖాళీ అయితే ముందుగా కోత పడేది ఇలాంటి ఖర్చు మీదే. మన కుటుంబాల్లో ఆ కాలం గురించి మాట్లాడేటప్పుడు నవాబుల భూములు, ఇళ్లు ఏమయ్యాయో చెప్పుకుంటాం. వాళ్ల మీద ఆధారపడిన వాయిద్యకారులు, వంటవాళ్లు, జర్దోజీ పనివాళ్లు ఏమయ్యారో ఎవరూ చెప్పరు.

వాయిద్యకారులకు అప్పుడు మిగిలిన పెద్ద ఆసరా రేడియో. 1935లో నిజాం ప్రభుత్వం హైదరాబాద్ రేడియోను తన చేతిలోకి తీసుకుంది. దక్కన్ రేడియో అన్న పేరుతో ముఖ్యంగా ఉర్దూలో, దాంతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడలో కార్యక్రమాలు వచ్చేవి. 1950 ఏప్రిల్ 1న అది ఆల్ ఇండియా రేడియోలో కలిసింది. షేక్ దావూద్ ఖాన్ సాహెబ్ హైదరాబాద్ రేడియోలో స్టాఫ్ ఆర్టిస్టుగా పనిచేశారు. ఆయన పేరు దక్కన్ అంతా తెలిసింది ఆ ఉద్యోగం వల్లే.

స్టాఫ్ ఆర్టిస్టు అంటే ఏం పని?

స్టాఫ్ ఆర్టిస్టు అనగానే ఆఫీసు కుర్చీలో కూర్చునే ఉద్యోగం అనుకోవద్దు. చాలా ఏళ్లు వాళ్లది కాంట్రాక్టు బతుకే. పైగా ఏ రోజు ఎవరి పక్కన కూర్చోవాలో డ్యూటీ చార్టు చెబుతుంది. పొద్దున ఖయాల్ పాడే పెద్దాయన వస్తారు. మధ్యాహ్నం గజల్ పాడే అమ్మాయి, సాయంత్రం సితార్ విద్వాంసుడు. ముందుగా కలిసి రియాజ్ చేసే టైం దాదాపు ఉండదు. 1950ల మొదటి రోజుల వరకు చాలా కార్యక్రమాలు లైవ్‌గానే పోయేవి. తప్పు పడితే దిద్దుకునే దారి లేదు. అది అప్పటికప్పుడే వేల ఇళ్లలో వినిపించేది.

మొదటి పని శ్రుతి. మగ గాయకులు ఎక్కువమంది కాలీ ఏక్ దగ్గర పాడతారు. ఆడవాళ్ల శ్రుతి చాలా పైన, కాలీ పాంచ్ చుట్టుపక్కల ఉంటుంది. ఒక్క దాయాఁతో రెండూ కుదరవు. అందుకే తబలా ఆయన వేర్వేరు సైజుల దాయాఁలు దగ్గర పెట్టుకుని, చిన్న సుత్తితో గట్టాలు, అంచు కొట్టి శ్రుతి కలుపుతాడు. వానాకాలం తేమకు తోలు సడలుతుంది, ఎండకు బిగుస్తుంది. గాయకుడు గొంతు సవరించుకునే లోపు ఇదంతా అయిపోవాలి.

అసలు పరీక్ష విలంబిత్‌లో వస్తుంది. విలంబిత్ ఏక్‌తాల్‌లో 12 మాత్రలే ఉంటాయి. కానీ బాగా నెమ్మదిగా పాడే గాయకుడి దగ్గర ఆ 12 మాత్రలు తిరిగి రావడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది. ఒక మాత్రకు, ఇంకో మాత్రకు మధ్య బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో తబలా ఆయన తొందరపడకూడదు, నిద్రపోకూడదు. గాయకుడు రాగంలో ఎంత దూరం తిరిగినా, వెనక్కి వచ్చేసరికి సమ్ అక్కడే, అదే చోట ఉండాలి. తన విద్య చూపించుకోవాలని మధ్యలో నాలుగు తిర్‌కిట్‌లు దూర్చితే వినేవాళ్లు చప్పట్లు కొట్టొచ్చు, పాడేవాడి ఆలోచన మాత్రం తెగిపోతుంది. అదే సితార్ పక్కన అయితే కథ వేరు. అక్కడ వాయిద్యకారుడు ఆగి ఇచ్చిన చోట సవాల్‌కు జవాబ్ చెప్పాలి. చెప్పకపోతే వీడికి ఏమీ రాదనుకుంటారు. గజల్‌కు వచ్చేసరికి దాద్రా, కహర్వా మెత్తగా నడవాలి, షేర్‌లో మాట మునిగిపోకూడదు.

దావూద్ ఖాన్ సాహెబ్ ఈ మూడింటికీ పనికొచ్చే మనిషి. ఆయన తబలాలో నాదం మధురంగా ఉంటుందని, బోల్ స్పష్టంగా పలుకుతుందని పేరు. నలుగురు ఉస్తాదుల విద్య దగ్గరుండటం వల్ల ఎవరి గాయకీకి ఎలాంటి ఠేకా నప్పుతుందో ఆయనకు తెలుసు. అవసరమైన చోట సొంతంగా సోలో వాయించి మెప్పించారు కూడా. కానీ సంగత్‌లో కూర్చున్నప్పుడు ఆ విద్యంతా పాడేవాళ్ల కోసమే ఖర్చు పెట్టారు.

బడే గులాం అలీ ఖాన్ పక్కన

ఆయన సంగత్ చేసిన పెద్దవాళ్లలో ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ ఒకరు. 1902లో కసూర్‌లో పుట్టిన ఖాన్ సాహెబ్, దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌లో ఉండలేక వెనక్కి వచ్చి 1950ల చివర్లో భారత పౌరసత్వం తీసుకున్నారు. ఆఖరి రోజుల్లో హైదరాబాద్‌లోనే ఉన్నారు. పక్షవాతం వచ్చినా పాట వదల్లేదు. 1968 ఏప్రిల్ 25న బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో ఇంతెఖాల్ అయ్యారు. దాయిరా మీర్ మోమిన్‌లో దఫన్ చేశారు.

ఇక్కడ డబ్బు లెక్క ఒకటి చెప్పుకోవాలి. 1960లో వచ్చిన మొఘల్-ఎ-ఆజమ్ సినిమాలో పాడటానికి బడే గులాం అలీ ఖాన్ పాటకు 25,000 రూపాయలు అడిగి తీసుకున్నారని ప్రసిద్ధి. అప్పట్లో పేరున్న సినిమా గాయకులకే పాటకు 500 లోపు ఇచ్చేవారట. ముఖ్య గాయకుడు అలా ధర చెప్పగలడు. పక్కవాయిద్యం ఆయన చెప్పలేడు. ఎంత పెద్ద గాయకుడి పక్కన కూర్చున్నా ఆయనకు ముట్టేది ఆ ఫీజులో చిన్న వాటానే. పాత గ్రామఫోన్ రికార్డులు చూడండి, గాయకుడి పేరు, రాగం పేరు ఉంటాయి. తబలా ఎవరిదో చాలా వాటి మీద రాయలేదు.

ఇది మన దేశంలోనే జరిగింది కూడా కాదు. అమెరికాలోని డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ అని ఒక బాస్ గిటార్ వాద్యకారుడు ఉండేవాడు. 1960ల్లో మోటౌన్ కంపెనీ తీసిన హిట్ పాటల్లో ఎన్నింటికో బాస్ ఆయనదే. ప్రపంచమంతా ఆ పాటలకు ఊగింది కానీ కవర్ల మీద ఆయన పేరు లేదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ మీద గానీ ఆ వాయిద్యకారుల పేర్లు సరిగా అచ్చు కాలేదు. 1983లో ఆ కంపెనీ 25 ఏళ్ల పండగ చేసుకుంటే, ఆయన టికెట్ కొనుక్కుని ప్రేక్షకుల్లో కూర్చున్నాడని చెబుతారు. అదే ఏడాది ఆగస్టులో 47 ఏళ్లకే చనిపోయాడు.

దావూద్ ఖాన్ సాహెబ్ విషయంలో కొంత తేడా ఉంది. ఆల్ ఇండియా రేడియోకు ఒక మంచి అలవాటు ఉండేది. కచేరీ ముందో, వెనకో, పాడినవాళ్లతో పాటు పక్కవాయిద్యం వాళ్ల పేర్లు కూడా అనౌన్సర్ చదివేవారు. ఆ ఒక్క వాక్యం వల్ల ఆయన పేరు దేవిడీ గోడలు దాటి చిన్న చిన్న ఊళ్ల దాకా పోయింది. రోజూ విన్న పేరు కాబట్టి గుర్తుండిపోయింది. జీతం తక్కువైనా, పేరు దొంగిలించబడలేదు.

మిగిలింది ఏమిటి?

ఉస్తాద్ అల్లా రఖా, ఆయన కొడుకు జాకిర్ హుస్సేన్ లాంటి వాళ్ల వల్ల తబలా ప్రపంచ వేదికల మధ్యలోకి వచ్చింది. టికెట్లు తబలా పేరు మీదే అమ్ముడుపోయే రోజు చూశాం. దావూద్ ఖాన్ సాహెబ్ దారి అది కాదు. హైదరాబాద్‌లోనే ఉండి, రేడియోలో, మెహఫిళ్లలో వాయించి, శాగిర్దులకు నేర్పించి వెళ్లారు. 1992లో ఇంతెఖాల్ అయ్యారు. కొడుకు షబ్బీర్ నిసార్ తండ్రి విద్యను అందుకుని తబలా వాద్యకారుడిగా పేరు తెచ్చుకున్నారు. ఇంటి ఆస్తిగా దాచుకునే విద్యను నాలుగు చోట్ల నుంచి తెచ్చిన మనిషి, దాన్ని ఇంట్లోనే కాకుండా బయటివాళ్లకూ పంచారు.

మన ఇళ్లలో పాట, వాయిద్యం గురించి రకరకాల అభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ ఇక్కడ అక్కర్లేదు. ఒక పని చేతపట్టి, దాన్ని యాభై ఏళ్ల నాటి శ్రోత కూడా మర్చిపోనంత శుభ్రంగా చేసిన మనిషిగా ఆయన్ను చూస్తే చాలు. హైదరాబాద్ ముస్లింల చరిత్ర అంటే నవాబుల పేర్లు, కోటల పేర్లే చదివి పెరిగిన పిల్లలకు, నెల జీతం మీద ఇల్లు నడిపి ఉస్తాద్ అయిన మనిషి కథ కూడా తెలియాలి.

ఇంట్లో దాదా, నానా ఎవరైనా ఆ కాలంలో రేడియో విన్నవాళ్లుంటే ఒకసారి అడగండి. దావూద్ సాహెబ్ తబలా విన్నారా అని. ఇవాళే అడగండి, ఎందుకంటే చెవులారా విన్నవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.