మిల్లర్ కట్టిన కళాశాల, మనకు మిగిలిన పని

బిర్సా ముండా, కొమురం భీం, జైపాల్ సింగ్ ముండా జీవితాలు మన యువతకు తెలిసినవే. వారి పక్కన పరాయి దేశపు పంతులు కథ ఎందుకని మీరు అడగవచ్చు. గూడెం నుంచో తండా నుంచో పట్నం వెళ్ళి హాస్టల్లో ఉండి చదువుకునే వారికి ఆ కథలో నేర్చుకోవలసింది ఉంది. నిలదీయవలసిందీ ఉంది. అందుకే మద్రాసు క్రిస్టియన్ కళాశాలను నిర్మించిన డాక్టర్ విలియం మిల్లర్‌ను మీకు పరిచయం చేస్తున్నాం.

మిల్లర్ 1838లో స్కాట్లండ్ ఉత్తరపు కొసన ఉన్న థర్సోలో పుట్టారు. అబెర్డీన్, ఎడిన్‌బరోలలో చదువు ముగించి 1862లో మద్రాసు చేరారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు నిండలేదు. అక్కడ ఆయన చేతికి వచ్చింది కళాశాల కాదు, ఒక బడి. జాన్ ఆండర్సన్ అనే మిషనరీ 1837లో దాన్ని మొదలుపెట్టి, 1855లో కన్నుమూశారు. ఆ తర్వాత బడి నీరసించిపోయింది.

మిల్లర్ దాన్ని మళ్ళీ నిలబెట్టారు. 1865లో కళాశాల తరగతులు మొదలయ్యాయి. పెద్ద కళాశాలను నడపడం ఒక్క మిషన్ వల్ల అయ్యే పని కాదని గ్రహించి, వేరువేరు మిషన్లను ఒప్పించి ఒక తాటిపైకి తెచ్చారు. అలా 1877లో ఆ సంస్థ మద్రాసు క్రిస్టియన్ కళాశాల అయింది. మద్రాసు ఎస్ప్లనేడ్‌లో ఒక్కొక్క భవనమే లేచింది. వాటి కోసం ఆయన తన సొంత డబ్బు, కుటుంబం డబ్బు కూడా ధారపోశారు.

దూర జిల్లాల నుంచి వచ్చే పిల్లల కోసం హాస్టళ్ళు కట్టించారు. తరగతి గదిలోనే కాక, కలిసి బతకడంలోనూ చదువు ఉందని ఆయన నమ్మకం. 1883లో కళాశాల పత్రిక మొదలైంది. పాత విద్యార్థులతో బంధం తెగిపోకుండా చూసుకున్నారు. మన తెలుగువాడు కట్టమంచి రామలింగారెడ్డి, తర్వాత రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివింది అక్కడే.

1901లో, ఆయన బతికి ఉండగానే, కళాశాల ఎదుట ఆయన విగ్రహం వెలిసింది. అదే ఏడాది మద్రాసు విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్ అయ్యారు. 1907లో స్వదేశం వెళ్ళి, 1923లో కన్నుమూశారు.

ఆయన పోయాక కళాశాల పట్నం ఇరుకును దాటి 1937లో తాంబరం చేరింది. అక్కడ సుమారు 365 ఎకరాల ప్రాంగణంలో సేలయ్యూర్, సెయింట్ థామస్, బిషప్ హీబర్ హాళ్ళు వెలిశాయి. రసాయనశాస్త్ర ఆచార్యుడు ఎడ్వర్డ్ బార్న్స్ దంపతులు ఓపికగా చెట్లు నాటి పెంచారు. ఈనాటికీ ఆ ప్రాంగణం అడవిలాగే ఉంటుంది. అడవి బిడ్డలమైన మనకు ఆ చల్లదనం విలువ ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక నిలదీయవలసిన సంగతి. మతం మారినవారి లెక్కల కోసం మిల్లర్ కళాశాల నడపలేదు. పై కులాల వారికి మంచి చదువు చెబితే దాని మేలు మెల్లగా అందరికీ చేరుతుందని నమ్మారు. ఆయన శిష్యుల్లో ఎక్కువమంది బ్రాహ్మణులు. ఈ పద్ధతిని సొంత చర్చివాళ్ళే విమర్శించారు. మా విమర్శ వేరు. పల్లంలో పోసిన నీరు కొండ ఎక్కదు. ఆ చదువు తనంతట తాను మన గూడేలకు రాలేదు. మన పెద్దల పోరాటాలు, రాజ్యాంగం ఇచ్చిన హక్కులు, ఆశ్రమ పాఠశాలలు ఉంటేనే వచ్చింది.

అయినా ఆయన పట్టుదల ముందు తల వంచుతాం. నీరసించిన బడిని వదిలిపోకుండా 45 ఏళ్ళు దాన్నే అంటిపెట్టుకున్నారు. ఆ ఓపిక మనకు కావాలి. ఆయన వదిలేసిన మెట్టు మాత్రం మనమే కట్టుకోవాలి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు మీ బడి పిల్లల దగ్గర ఒక పూట కూర్చోండి. లెక్కలు చెప్పండి, కాలేజీలో ఎలా చేరాలో చెప్పండి. కొండ మీదికి నీళ్ళు మోయడం మనకు కొత్త కాదు కదా.

జోహార్.