డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

హిజ్లీలో పెరుగుచున్న మన తెలుగు పిల్లలకు పాత నిర్బంధ శిబిర భవనము సుపరిచితము. 1931 సెప్టెంబరు 16న అచ్చట తుపాకులు పేలి ఇద్దరు దేశభక్తులు నేలకొరిగిరి. 1951లో ఆ భవనముననే సాంకేతిక విద్యాసంస్థ వెలసెను. ఆ రోజులలో దేశభక్తికి ఒక్కొక్కరు ఒక్కొక్క మూల్యము చెల్లించిరి. ఖద్దరు ధరించినందుకు చేతికందవలసిన వైద్యపట్టమును పోగొట్టుకొనిన తెలుగువాని కథ ఇది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. పదమూడవ ఏట ఈ బాలుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడువగా, తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించిరి. మెట్రిక్యులేషను మూడవసారి గాని గట్టెక్కలేదు. పిమ్మట సన్యాసము పుచ్చుకొందునన్నను తల్లి సమ్మతింపలేదు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీమహాత్ముని పిలుపు ననుసరించి ఖద్దరు దుస్తులు తొడిగిరి. ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యునకు అది రుచింపలేదు. ఎం.బి.బి.యస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టము లభించెను.

అంతకన్న పెద్ద దెబ్బ ఇంటిలో తగిలెను. స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధితో సోదరులిద్దరు కొద్ది దినముల తేడాలో మరణించిరి. ఆ వ్యాధియే తనకును సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడిరి. దానికి మందు కనుగొనవలెనను పట్టుదలతో, మామగారి సాయముతోను, కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ద్రవ్యముతోను 1922లో బోస్టను చేరిరి. భార్య శేషగిరిగారు స్వదేశముననే యుండిపోయిరి.

అచ్చట పగలు చదువు, రాత్రులు ఆసుపత్రిలో ఊడిగము. 1925లో ఫిస్కేగారితో కలసి రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. అది వారిరువురి పేర నేటికిని చెల్లుచున్నది. కండరములకు శక్తినిచ్చు పదార్థములను పట్టి చూపిన కృషియు అచ్చటిదే. అయినను హార్వర్డులో స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు మారిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసెను. సోదరులను బలిగొన్న వ్యాధికి పనికివచ్చు మందు ఇరువదిమూడేండ్లకు చేతికందెను. మన గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలునకు హెట్రజాన్ అను మందును ఆ ప్రయోగశాలనుండియే వెలువడెను.

ఇక అసలు వింత. ఫోలిక్ ఆమ్లము లుకీమియా రోగులలో కాన్సరు కణములను పెంచుచున్నట్లు బోస్టను వైద్యుడు ఫార్బరు గమనించిరి. అట్లయిన దానిని అడ్డగించు పదార్థము కణములను అణచవలెను గదా! సుబ్బారావుగారి బృందము అమినోప్టెరిన్‌ను కూర్చి పంపెను. మందు పుచ్చుకొనిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలము వెనుకంజ వేసినట్లు 1948 జూనులో ప్రకటితమయ్యెను. ప్రయోగించినవారి పేరు ప్రపంచమంతట మ్రోగెను. కూర్పించినవారిది అంతగా వినబడలేదు. సచివాలయమున ఏండ్ల తరబడి ముసాయిదాలు వ్రాసిన నాకు ఇందులో ఆశ్చర్యము లేదు, విచారము మాత్రము కలదు.

పిల్లల లుకీమియాలో అధికభాగము బి కణముల తొలి రూపములు మితిమీరి పెరుగుటచే కలుగునని ఆనాడు ఎవరును ఎరుగరు. బి, టి కణముల భేదమే 1960లలో తెలిసెను. టి కణము తన గ్రాహకమును నిర్మించుకొనుటకు జన్యువులను కత్తిరించి అతుకును. చిత్రమేమనగా, బి జాతి లుకీమియా కణములలోను ఈ టి గ్రాహక జన్యువుల అతుకులు తరచుగా కానవచ్చును. ఒక కణము సంతతియందంతటను ఒకే అతుకు ఉండును గనుక వైద్యులు దానిని వేలిముద్రవలె వాడుదురు. చికిత్స పిమ్మట పదివేలలో, ఒక్కొక్కప్పుడు లక్షలో, ఒక్క దుష్టకణము మిగిలినను పట్టుదురు. ఆ చికిత్సలో అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని ఉన్నది. సదుపాయములు గల దేశములలో పదిమంది పిల్లలలో దాదాపు తొమ్మిదిమంది బ్రతుకుచున్నారు.

ఇదంతయు చూచు భాగ్యము వారికి లేకపోయెను. 1948 ఆగష్టులో ఏబదిమూడవ ఏట నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. అమెరికా పౌరసత్వము స్వీకరింపలేదు. స్వదేశమునకు తిరిగియు రాలేదు. ఏకైక కుమారుడు తండ్రి ముఖము నెరుగకయే శైశవమున గతించెను. 1922లో వీడ్కోలు చెప్పిన శేషగిరిగారు భర్తను మరల చూడలేదు.