అద్దాల పని నుంచి నల్లగీతల దాకా: ఫ్రౌన్‌హోఫర్

పదో తరగతి పిల్లలకు ఏళ్ల తరబడి కటకాలు, వక్రీభవనం చెప్పాను గానీ ఫ్రౌన్‌హోఫర్ కథ చెప్పలేదు. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

ఆయన 1787లో బవేరియాలోని స్ట్రాబింగ్‌లో పుట్టారు. 11 ఏళ్లకే తల్లిదండ్రులు పోయారు. మ్యూనిక్‌లో అద్దాల పనిలో చేరితే యజమాని చదువుకోనివ్వలేదు. 1801లో ఆ ఇల్లే కూలింది. శిథిలాల్లోంచి ప్రాణాలతో బయటపడ్డ కుర్రవాడికి బవేరియా పాలకుడు కొంత డబ్బిచ్చారు. దాంతో ఏం కొన్నారనుకున్నారు? గాజు సానపట్టే యంత్రం! మిగిలింది యజమానికి చెల్లించి విముక్తి పొందారు.

గాజు ఏ రంగును ఎంత వంచుతుందో కచ్చితంగా తెలియనిదే మంచి కటకం రాదు. కానీ ఒక రంగు ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుంది? 1814లో పట్టకం గుండా వచ్చిన సూర్యకాంతిని పరిశీలిస్తే రంగుల నడుమ వందలాది సన్నని నల్లగీతలు కనిపించాయి. వాటినే కొలతకు గుర్తులుగా పెట్టుకున్నారు.

1826లో, 39 ఏళ్లకే క్షయతో కన్నుమూశారు. ఆ గీతలు సూర్యుడిలోని మూలకాల ఆనవాళ్లని 1859లో కిర్కాఫ్ తేల్చేనాటికి ఆయన పోయి 33 ఏళ్లు.