పంతొమ్మిదేళ్ల పనిని పక్కన పెట్టేసిన గడియారాల మేస్త్రి

మీ ఫైనలియర్ ప్రాజెక్టు గుర్తుంది కదా. ఆరు నెలలు కూర్చుని చేశారు, వైవాలో చూపించారు, మార్కులొచ్చాయి. రేపు ఇంటర్వ్యూలో ఎవరో దాన్ని చూసి, ఈ పనికి ఇంత పెద్ద కోడ్ అక్కర్లేదు, వేరే దారి ఉంది అంటే మీకెలా ఉంటుంది? నాకైతే ఒళ్లు మండింది. ఆయన చెప్పిన దారే కరెక్టని తెలిశాక కూడా రెండు వారాలు నా పాత కోడ్‌నే వెనకేసుకొచ్చాను. ఆరు నెలల పనిమీదే అంత మమకారం ఉంటే, ఒకే యంత్రం మీద పంతొమ్మిదేళ్లు కూర్చున్న మనిషి సంగతి ఏంటి?

ఆయన పేరు జాన్ హారిసన్. 1693లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఒక వడ్రంగి ఇంట్లో పుట్టాడు. తనూ వడ్రంగే. గడియారాల పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఊరికి వచ్చిన ఒక మతగురువు యంత్రశాస్త్రం మీద పాఠాల రాతప్రతి ఇస్తే, దాన్ని మొత్తం చేత్తో ఎత్తి రాసుకున్నాడు. మన ఆన్‌లైన్ కోర్సు అనుకోండి, కాకపోతే సర్టిఫికెట్ లేదు. ఇరవై ఏళ్ల వయసులో, 1713లో, దాదాపు అంతా చెక్కతోనే మొదటి గడియారం చేశాడు.

ఆ రోజుల్లో గడియారానికి పెద్ద శత్రువు దానికి వేసే నూనె. చలికి గట్టిపడుతుంది, కొన్నాళ్లకు జిగురులా మారి చక్రాలను పట్టేస్తుంది. హారిసన్ వడ్రంగి కాబట్టి వడ్రంగిలాగే ఆలోచించాడు. లిగ్నమ్ వైటే అనే చెక్కలో సహజంగానే జిడ్డు ఉంటుంది. రాపిడి ఉన్న చోట ఆ చెక్క వాడితే ఇక నూనెతో పనేముంది? 1722 ప్రాంతంలో బ్రాక్లెస్బీ పార్క్ అనే ఎస్టేటులో ఆయన కట్టిన గడియారం ఇప్పటికీ నడుస్తోంది. నూనె అక్కర్లేకపోవడం ఆయన పనికి ట్రేడ్‌మార్కు అయిపోయింది. ఈ విషయం గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక అసలు సమస్య. విశాఖలో సూర్యుడు నడిమధ్యకు వచ్చిన దాదాపు 19 నిమిషాలకు గానీ హైదరాబాద్‌లో రాడు. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాల తేడా. సముద్రం మధ్యలో ఉన్న ఓడకు తనెక్కడుందో తెలియాలంటే, బయలుదేరిన ఊరి టైమ్ చూపించే గడియారం ఒకటి ఉంటే చాలు. ఓడ మీద మధ్యాహ్నం ఎప్పుడైందో సూర్యుణ్ని చూసి తెలుసుకోవచ్చు. రెండు టైముల తేడాయే రేఖాంశం.

చెప్పడానికి తేలికే. కానీ లోలకం ఉన్న గడియారం ఊగే ఓడలో పనిచేయదు. స్ప్రింగుతో నడిచే అప్పటి జేబు గడియారం రోజుకు నిమిషం దాకా తప్పేది. రేఖాంశం తెలియక ఎన్ని ఓడలు మునిగాయో. 1707లో ఇంగ్లండుకు చెందిన నాలుగు యుద్ధనౌకలు సిల్లీ దీవుల దగ్గర రాళ్లకు కొట్టుకుని, వెయ్యి మందికి పైగా చనిపోయారు. 1714లో పార్లమెంటు చట్టం చేసి బహుమతి ప్రకటించింది. వెస్టిండీస్ దాకా వెళ్లే ప్రయాణంలో రేఖాంశాన్ని అర డిగ్రీ లోపు తేడాతో చెప్పగలిగిన వారికి 20,000 పౌండ్లు. లెక్కేసి చూడండి. అర డిగ్రీ అంటే 2 నిమిషాలు. ఆరు వారాల ప్రయాణం అనుకుంటే గడియారం రోజుకు 3 సెకన్లు కూడా తప్పకూడదు. చంద్రుణ్ని, నక్షత్రాలను చూసి లెక్కలు కట్టడమే దారని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు అనుకునేవాళ్లు. గడియారం మీద ఎవరికీ పెద్దగా ఆశ లేదు.

1730లో హారిసన్ తన డ్రాయింగులు పట్టుకుని లండన్ వెళ్లి హాలీని కలిశాడు. తోకచుక్క పేరులో ఉన్న హాలీయే. ఆయన ఖగోళ శాస్త్రవేత్త, ఇది తన లైను కాదని చెప్పి జార్జ్ గ్రాహం అనే పేరున్న గడియారాల నిపుణుడి దగ్గరికి పంపించాడు. ఉదయం మొదలైన వాళ్ల మాటలు రాత్రి దాకా సాగాయి. చివరికి గ్రాహం తన సొంత డబ్బు అప్పిచ్చి మరీ పంపించాడు.

1735కు మొదటి సముద్ర గడియారం తయారైంది. తర్వాతి కాలం వాళ్లు దానికి హెచ్‌1 అని పేరు పెట్టారు. 34 కిలోల బరువు. లోలకం బదులు స్ప్రింగులతో కలిపిన రెండు బరువైన ఊగుడు కడ్డీలు. ఓడ ఊగినప్పుడు ఒకదానికి తగిలిన కుదుపును రెండోది సరిచేస్తుంది. మరుసటి ఏడాది దాన్ని లిస్బన్ తీసుకెళ్లారు. హారిసన్‌కు దారిపొడవునా సముద్రపు వాంతులే. తిరుగు ప్రయాణంలో దూరంగా నేల కనిపిస్తే నావికులు అది స్టార్ట్ అనే చోటు అన్నారు. కాదు, లిజార్డ్ అన్నాడు హారిసన్. ఆయన మాటే నిజమైంది. ఓడ దాదాపు 60 మైళ్లు పక్కకు వచ్చేసింది.

1737లో లాంగిట్యూడ్ బోర్డు ముందు ఆయన నిలబడ్డాడు. అందరూ మెచ్చుకున్నారు. వెస్టిండీస్ టెస్టు అడిగితే ఇచ్చేవాళ్లు. కానీ ఆయన తన గడియారంలో లోపాలన్నీ తనే ఏకరువు పెట్టి, దీనికంటే మంచిది చేస్తాను, కొంత డబ్బు ఇప్పించండి అని అడిగి వచ్చేశాడు. నిజాయతీ అనాలో, పర్ఫెక్టుగా లేనిది ఎవరికీ చూపించకూడదన్న పాత అలవాటు అనాలో నాకు తేలలేదు. రెండూ అనుకుంటా.

హెచ్‌2 చేశాడు. 39 కిలోలు. దాన్ని సముద్రానికి పంపనే లేదు, ఓడ మలుపు తిరిగినప్పుడు కడ్డీల ఊపు మారిపోతోందని తనే కనిపెట్టి పక్కన పడేశాడు. 1740లో హెచ్‌3 మొదలుపెట్టాడు. అది 1759 దాకా సాగింది. అప్పుడు నలభై ఏడేళ్లు, ముగిసేసరికి అరవై ఆరు. మొత్తం 753 భాగాలు. ఇత్తడి, ఉక్కు పట్టీలను కలిపి బిగిస్తే వేడికి వంగుతుందని, దాంతో ఉష్ణోగ్రత వల్ల వచ్చే తేడాను సరిచేయొచ్చని ఈ గడియారం కోసమే కనిపెట్టాడు. ఇంటర్‌లో చదివిన ద్విలోహ పట్టీ ఇదే. మీ ఇంట్లో ఇస్త్రీ పెట్టె దానంతట అదే ఆగుతోందంటే దీని పుణ్యమే. రోలర్ బేరింగు ఒకటి చేశాడు. మీ బైకు చక్రంలో ఉన్న బేరింగులు దాని వారసులే. ఇన్ని కనిపెట్టాడు కానీ హెచ్‌3 మాత్రం దారికి రాలేదు. అందులోని రెండు పెద్ద చక్రాల ఊపు ఎంత సరిచేసినా నిలకడగా ఉండేది కాదు. సరిచేయడం, మళ్లీ విప్పడం, మళ్లీ సరిచేయడం. బోర్డు అప్పుడప్పుడూ ఇచ్చే 500 పౌండ్లే ఆధారం.

ఈ మధ్యలోనే జరిగింది అసలు విషయం. 1753లో లండన్‌లోని జాన్ జెఫ్రీస్ అనే గడియారాల మేస్త్రి హారిసన్ సొంతానికి వాడుకునేందుకు ఒక జేబు గడియారం చేసిచ్చాడు. డిజైన్ హారిసన్‌దే. అప్పటికి జేబు గడియారమంటే ఆయన లెక్కలో బొమ్మ లాంటిది. అలాంటిది ఆ చిన్న వస్తువు అనుకున్న దానికంటే చాలా బాగా టైమ్ చూపిస్తోంది.

ఎందుకలా? ఓడ నెమ్మదిగా ఊగుతుంది. పెద్ద గడియారాల్లోని చక్రాలూ నెమ్మదిగానే ఊగేవి. రెండు ఊపులూ దగ్గరగా ఉన్నప్పుడు ఒకదాని కుదుపు రెండోదానికి తగులుకుంటుంది. అదే సెకనుకు ఐదు టిక్కుల చొప్పున వెడల్పుగా, జోరుగా ఊగే చిన్న చక్రమైతే ఓడ కదలిక దాని దగ్గరికి రాదు. ఇరవై ఏళ్లుగా ఆయన గడియారాన్ని ఓడ నుంచి కాపాడాలని చూస్తున్నాడు. దాన్ని ఓడ కదిలించలేనంత వేగంగా నడిపితే సరిపోయేది. అంటే హెచ్‌1, హెచ్‌2, హెచ్‌3 మూడింటి మూల ఆలోచనే తప్పు.

మీరైతే ఏం చేసేవాళ్లు? వయసు అరవై. బోర్డు డబ్బు తిన్నది ఆ పెద్ద యంత్రం కోసం. దేశమంతా మిమ్మల్ని గుర్తుపట్టేది దానివల్ల. 1749లో రాయల్ సొసైటీ కాప్లీ మెడల్ ఇచ్చింది కూడా దానికే.

ఆయన రాత్రికి రాత్రి మారిపోలేదు. హెచ్‌3ని ఆపకుండానే 1755లో పెద్ద సైజు జేబు గడియారం ఒకటి మొదలుపెట్టాడు. నాలుగేళ్లు రెండూ పక్కపక్కనే నడిచాయి. 1759లో పూర్తయిన ఆ హెచ్‌4 వెడల్పు 13 సెంటీమీటర్లు, బరువు కిలోన్నరకు కాస్త తక్కువ. దాని కోసం ఆయన ఏం వదులుకున్నాడో చూడండి. పెద్దదైతేనే కచ్చితంగా ఉంటుందన్న నమ్మకం పోయింది. చెక్క పోయింది. అన్నిటికంటే ముఖ్యంగా, నలభై ఏళ్లుగా తన గర్వంగా చెప్పుకున్న నూనె లేని పద్ధతి పోయింది. అంత చిన్న యంత్రంలో నూనె వేయక తప్పదు. వేశాడు. కాకపోతే రాపిడి ఉండే చోట వజ్రాలు, కెంపులు పెట్టి ఆ నూనె మీద భారం తగ్గించాడు.

మరి పంతొమ్మిదేళ్లు వృథాయేనా? హెచ్‌4 మూత తీసి చూస్తే హెచ్‌3లోని ద్విలోహ పట్టీ చిన్న రూపంలో అక్కడ ఉంటుంది. మెయిన్ స్ప్రింగు బలం మారినా చక్రానికి ఒకే తోపు అందేలా ప్రతి ఏడున్నర సెకన్లకోసారి ఇంకో చిన్న స్ప్రింగును చుట్టే ఏర్పాటు ఉంటుంది. అదీ పెద్ద గడియారాల నుంచి వచ్చిందే. రెజ్యూమెలో పాత ప్రాజెక్టు కొట్టేయాలా వద్దా అని నన్నడిగే జూనియర్లకు నేను ఈ మూత లోపలి సంగతే చెబుతుంటాను.

1761లో టెస్టు. రెండు గడియారాలనూ పంపాలనుకున్నారు గానీ, చివరికి హెచ్‌4 ఒక్కదాన్నే ఓడెక్కించారు. హారిసన్‌కు అప్పటికి అరవై ఎనిమిది, అందుకని కొడుకు విలియం వెళ్లాడు. 81 రోజుల తర్వాత, జమైకాలో లెక్కచూస్తే వచ్చిన తేడా 5 సెకన్లు.

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి కదా. కాలేదు. అది అదృష్టం కొద్దీ జరిగిందేమో అంది బోర్డు. 1764లో బార్బడోస్‌కు మళ్లీ పంపారు. 47 రోజుల్లో 39 సెకన్ల తేడా, అడిగిన దానికి మూడు రెట్లు మెరుగు. అయినా గడియారం విప్పి ఎలా పనిచేస్తుందో చెప్పాలన్నారు, దాన్ని అప్పగించాలన్నారు, ఇంకొకరు చేసి చూపాలన్నారు. 1765లో సగం బహుమతి, 10,000 పౌండ్లు ఇచ్చారు. చంద్రుడి లెక్కల పద్ధతిని నమ్మిన మాస్కెలిన్ అదే ఏడాది ప్రభుత్వ ఖగోళ శాస్త్రవేత్త అయ్యాడు, గడియారాన్ని పరీక్షించే పనీ ఆయనకే వెళ్లింది. ఆయన రిపోర్టు అనుకూలంగా రాలేదు. బోర్డు మాటిమాటికీ రూల్స్ మార్చిందన్నది నిజం. కానీ హారిసన్‌వైపు కూడా ఒక లోటు ఉంది. యంత్రం విషయంలో అంత మారిన మనిషి మనుషుల విషయంలో మారలేదు. దాపరికం, అనుమానం, కోపం చివరిదాకా అలాగే ఉన్నాయి. తన పనిని రాతలో వివరించమంటే ఎవరికీ అర్థం కాకుండా రాసేవాడు. కమ్యూనికేషన్ స్కిల్స్ రౌండ్‌లో పోయే టాపర్లను మనం చూస్తూనే ఉంటాం కదా.

చివరికి రాజు మూడో జార్జ్ కలగజేసుకున్నాడు. హారిసన్ చేసిన ఇంకో గడియారాన్ని, హెచ్‌5ను, 1772లో పది వారాలు స్వయంగా పరీక్ష చేయించాడు. 1773లో పార్లమెంటు 8,750 పౌండ్లు మంజూరు చేసింది. బోర్డు ప్రకటించిన ఆ పూర్తి బహుమతి మాత్రం ఎవరికీ దక్కలేదు. ఈలోగా లార్కమ్ కెండాల్ అనే మేస్త్రి చేసిన హెచ్‌4 నకలును కెప్టెన్ కుక్ తన రెండో ప్రపంచయాత్రకు పట్టుకెళ్లి, 1775లో పూర్తి నమ్మకంతో తిరిగొచ్చాడు. 1776 మార్చి 24న, తన ఎనభై మూడో పుట్టినరోజు నాడు హారిసన్ చనిపోయాడు.

ఇంకో మాట చెప్పాలి. ఆయన లోలకాన్ని ఓడ మీద వదిలేశాడు గానీ నేల మీద వదల్లేదు. వంద రోజుల్లో సెకను కూడా తప్పని లోలకం గడియారం చేయొచ్చని చివరి రోజుల్లో రాస్తే జనం నవ్వారు. ఆయన పద్ధతి ప్రకారం కట్టిన గడియారాన్ని 2015లో గ్రీనిచ్‌లో పెట్టి వంద రోజులు చూస్తే, తేడా సెకను కంటే తక్కువే వచ్చింది.

ఆయన గడియారాలు ఇప్పుడు గ్రీనిచ్‌లో ఉన్నాయి. నూనె అక్కర్లేని హెచ్‌1, హెచ్‌2, హెచ్‌3 అక్కడ టిక్కుటిక్కుమని నడుస్తూనే ఉంటాయి. పక్కనే ఉన్న హెచ్‌4కు మాత్రం కీ ఇవ్వరు. నడిపితే నూనె వేయాలి, అప్పుడప్పుడూ విప్పి శుభ్రం చేయాలి, అరిగిపోతుంది. అందుకని దాన్ని ఆపి ఉంచారు.